మూల ఇంటికి పొరుగింటాయన

మా ఆయన్ని తిట్టడం నాకు వచ్చినంత బాగా లోకంలో ఇంకెవరికీ రాదు. ఇది నా గొప్ప చెప్పుకోవడం కాదు, ఆయనే ఒకప్పుడు నా ముందు ఒప్పుకున్న సంగతి. ఆ తిట్ల మీదే ఆయన పైకొచ్చాడు. ఆ తిట్ల వల్లే మా అన్నయ్య నడిరోడ్డున పడ్డాడు. రెండూ ఒక్క ఎన్నికల వేసవిలోనే జరిగిపోయాయి.

మా ఆయన అప్పట్లో నీటిపన్ను ఆఫీసులో గుమస్తా. పగలంతా ఆఫీసులో తలొంచుకుని, సాయంత్రం ఇంటికొచ్చి బ్లాగు రాసేవాడు. మాది వీధి మొదట్లో మూలనున్న ఇల్లు కాబట్టి బ్లాగుకి 'మూల ఇల్లు' అని పేరు పెట్టుకున్నాడు. ముందు గదిలో ఒక పక్క నా కుట్టుమిషన్, దాని పక్కనే బల్ల మీద కంప్యూటర్. నేను ప్యాంట్లు పొట్టి చెయ్యడం, కోట్లు వదులు చెయ్యడం లాంటి పనులు చేసేదాన్ని. ఆయన కౌన్సిలర్లనీ రోడ్లనీ దులిపేసేవాడు. చదివేవాడు మాత్రం లేడు. కింద ఒక్క వ్యాఖ్య కూడా పడేది కాదు.

"ఖాళీగా ఉన్న కొట్లోకి ఎవడూ అడుగుపెట్టడే. నువ్వేదైనా రాయి. తిట్టినా సరే, మనిషి అలికిడి ఉండాలి" అన్నాడు ఒకరోజు.

నా వ్యాఖ్యలకి 'పొరుగింటాయన' అని పేరు కూడా తనే పెట్టాడు. నిజానికి మాకు పొరుగిల్లు లేదు, అటుపక్క ట్రాన్స్‌ఫార్మర్ ఉంది.

మొదటిది నాకింకా గుర్తుంది. వీధిదీపాలు ఆరునెలలుగా వెలగడం లేదని ఆయన రాశాడు. నేను మిషన్ మీంచి లేచి రెండు వేళ్లతో కొట్టాను: 'పచ్చి అబద్ధం. మొన్న కౌన్సిలర్ గారింట పెళ్లినాడు ఒక పూట వెలిగాయి. తమరు భోజనాల బంతి కోసం తొందరపడి తల పైకెత్తి ఉండరు.' ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మర్నాటికి నలుగురు వచ్చి పొరుగింటాయన పక్షం చేరారు. అప్పట్నుంచీ అదొక పద్ధతైపోయింది. ప్రతి రాతలో ఆయన కావాలనే ఒక పోగు వదులుగా వదిలేవాడు, నేను దాన్ని పట్టుకు లాగేదాన్ని. జనం ఆయన రాసింది సగం చదివి, పొరుగింటాయన ఏమన్నాడోనని కిందికి ఉరికేవారు.

అలా పేరొచ్చాక ఒక పత్రికవాళ్లు పిలిచి, తమ వెబ్‌సైట్లో రాజకీయాల మీద రోజూ రాయమన్నారు. గుమస్తా ఉద్యోగం మానేశాడు. ఎడిటర్ అడిగిన మొదటి మాట, "పొరుగింటాయన కూడా మీతో వస్తాడు కదా?" అనే.

"నేనెక్కడుంటే అక్కడికి దాపురిస్తాడండీ" అన్నాడట మా ఆయన. ఆ మాట నాకొచ్చి చెప్పి ఇద్దరం ఎంత నవ్వుకున్నామో. ఆ నవ్వుల్లో నాకు ఏ మోసమూ కనపడలేదు.

ఎన్నికలు రానే వచ్చాయి. ఎండ నెత్తిమీద నిప్పులు పోస్తోంది. కొళాయిల్లో చుక్క లేదు. మా నియోజకవర్గంలో నిలబడ్డవాడు నీటి సరఫరా మంత్రే. వీధివీధికీ గొట్టాలు వేయించి నీళ్లు మాత్రం మరచిపోయిన మహానుభావుడు. బ్లాగు రోజుల్లో మా ఆయన ఈ మంత్రిని ఉతికి ఆరేశాడు. 'మా వీధి కొళాయికి చెవి ఆనించండి. నీళ్లు వినపడవు, మంత్రిగారి హామీ గురగురలాడటం వినపడుతుంది' అని రాసినవాడు, ఆ వేసవిలో అదే మంత్రి ప్రచారం బండెక్కాడు. వారం తిరక్కుండా, కొళాయి తిప్పగానే నీళ్లొచ్చే రోజు ఎంతో దూరంలో లేదని రాశాడు. పోగు వదల్లేదు. అంతా గట్టిగా, నున్నగా కుట్టేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పొద్దున ట్యాంకరు దగ్గర బిందెల వరసలో నిలబడి నిలబడి అప్పుడే వచ్చాను. చెమట తుడుచుకోకుండానే కూర్చుని, ఆయన పాత మాట ఎత్తి రాసి, కింద ఇలా చేర్చాను: 'అయ్యా, అప్పట్లో తమరు కొళాయికి చెవి ఆనించారు. ఇప్పుడు నోరు ఆనించినట్టున్నారు. మాకు రాని నీళ్లు తమరికి బాగానే వస్తున్నాయి కాబోలు.'

సాయంత్రానికి ఊరంతా అదే మాట. ప్రతిపక్షం వాళ్లు మైకుల్లో చదివి వినిపించారు. ట్యాంకరు దగ్గర ఆడవాళ్లు కూడా "ఏమ్మా, నోరు ఆనించావా?" అని ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. నేను బిందె పట్టుకుని వాళ్ల మధ్యే నిలబడి, ఏమీ తెలియనట్టు నవ్వాను.

మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చాడు.

"ఏమే, ఎవరు రాయమన్నారు నిన్ను?"

"నేనెక్కడ రాశానండీ? పొరుగింటాయన రాశాడు."

"వేళాకోళాలొద్దు. మంత్రిగారు ఫోన్ చేసి మరీ అడిగారు వాడెవడని. నాకు ముచ్చెమటలు పోశాయి."

"మీరు పోగు వదిలారు, నేను లాగాను. అలవాటేగా."

"నేను వదల్లేదు!"

"అందుకే కాస్త గట్టిగా లాగాల్సి వచ్చింది."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. గొంతు తగ్గించి, "ఆయన గెలిస్తే నన్ను పొలిటికల్ ఎడిటర్ని చేస్తారు. పత్రిక ఓనరూ ఆయనా ఒకటే ప్రాణం. నీకేం తెలుసు?" అన్నాడు.

"ఓడిపోతే మళ్లీ బ్లాగు రాసుకుంటారు. అప్పుడే మనిషిలా ఉండేవారు."

మర్నాడు పొద్దున నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే పొరుగింటాయన పాస్‌వర్డ్ మారిపోయి ఉంది. నేను రాసిన వ్యాఖ్యని తీసేయమని మా ఆయన ఎడిటర్ని బతిమాలాడు గానీ, దానికోసమే జనం ఎగబడుతున్నారని ఆ పెద్దమనిషి తియ్యలేదు.

ఇక్కడ మా అన్నయ్య గురించి చెప్పాలి. ప్రభుత్వ బళ్లో లెక్కల మాస్టారు. లెక్క ఇస్తే కళ్లు మూసుకుని చేస్తాడు, నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం చెమటలు పడతాయి. సెలవు చీటీ కూడా వదిన చేత రాయించుకునేవాడు. వాళ్లింట్లో పిల్లల గోల భరించలేక ఆదివారాలు మా ఇంటికొచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని పేపర్లన్నీ చదువుకునేవాడు. మధ్యమధ్యలో "ఈ పొరుగింటాయన ఎవరో గానీ చెల్లీ, వాడి చేతికి దండం పెట్టాలి" అనేవాడు. నేను మిషన్ తొక్కుతూ ఊఁ కొట్టేదాన్ని.

మంత్రి పీఏ మా ఇంటికొచ్చింది ఒక మధ్యాహ్నం. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కూర్చునే స్టూలు మీదే కూర్చున్నాడు. నేను ఎవరిదో తెల్లకోటుకి అంచు మడుస్తున్నాను. నోట్లో గుండుసూదులున్నాయి.

"పెద్ద విషయం ఏం కాదండీ. పోలీసులకి ఫిర్యాదిచ్చి ఆరా తీయించాం. ఆ వ్యాఖ్యలు ఈ ఇంటి కనెక్షన్ నుంచే వస్తున్నాయని తేలింది. మంత్రిగారు నవ్వుకున్నారు కూడా. పొరుగింటాయన మరీ అంత పొరుగునున్నాడా అన్నారు."

మా ఆయన ఒక్కసారి నావైపు చూశాడు. భయపడుతున్నాడనుకున్నాను. కాదు, గుడ్డ సరిపోతుందా లేదా అని నేను చూస్తానే, అలా చూశాడు.

"ఆదివారాలు మా బావమరిది వస్తుంటాడు. పేపర్లు చదువుకుంటానని ఈ కంప్యూటర్ దగ్గరే కూర్చుంటాడు" అన్నాడు.

మా ఆయన కొంచెం ఆగి, "లెక్కల మాస్టారు. ప్రభుత్వ బడి" అన్నాడు.

"అలాగా. మరి ఎన్నికల డ్యూటీ కూడా పడి ఉంటుందే" అన్నాడు పీఏ మెత్తగా.

నేను నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చాను. తొందరపడితే నాలిక చీరుకుపోతుంది.

"పొరుగింటాయన్ని నేనేనండీ" అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు. ముందు పీఏ నవ్వాడు, అతన్ని చూసి మా ఆయన నవ్వాడు.

"మా ఆవిడా ఇంతేనండీ" అన్నాడు పీఏ, లేచి నిలబడుతూ. "వాళ్లన్న మీద ఈగ వాలనివ్వదు."

"నిజమేనండీ, నేనే రాశాను. మొదట్నుంచీ నేనే" అన్నాను. నా గొంతు నాకే పేలవంగా వినపడింది. పీఏ తెల్లకోటు వంకా, కత్తెర వంకా, నేలమీది గుడ్డపీలికల వంకా చూసి, "వస్తానమ్మా" అని దండం పెట్టి వెళ్లాడు.

వీధి తలుపు పడగానే మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"మా అన్నయ్య పేరు ఎందుకు చెప్పారు?"

"పేరెక్కడ చెప్పాను? ఆదివారాలు వస్తాడన్నాను. అబద్ధమా?"

"లెక్కల మాస్టారన్నారు."

"కాదా?"

ఆ క్షణంలో చేతిలో ఉన్న కత్తెర కింద పెట్టేశాను. పెట్టకపోతే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

"చూడు, నువ్వని తేలిందనుకో, పెళ్లాం చేత తిట్టించుకుని పేరు తెచ్చుకున్నాడంటారు. ఇన్నేళ్లుగా నేను రాసిందంతా నాటకమంటారు. ఇద్దరం రోడ్డున పడతాం. మీ అన్నయ్యకైతే ఏముంది, పిలిచి మందలిస్తారు. అంతే" అన్నాడు. ఎంత నింపాదిగా చెప్పాడంటే, కాసేపు నాకూ నిజమేనేమో అనిపించింది.

మర్నాడు బడికి పరుగెత్తాను. స్టాఫ్ రూమ్‌లో నలుగురైదుగురు అన్నయ్య చుట్టూ మూగి ఉన్నారు. అప్పటికే సంగతి పాకిపోయింది. "నువ్వా! ఎన్నాళ్లు దాచావురా!" అని ఒకాయన వీపు చరుస్తున్నాడు. డ్రాయింగ్ మాస్టారొక్కడే, అందరికంటే పెద్దాయన, నా దగ్గర ప్యాంట్లు కుట్టించుకునే మనిషి, తల అడ్డంగా ఊపుతున్నాడు.

"వీడు రాయడమేమిటయ్యా! బడి వార్షికోత్సవానికి స్వాగతం నాలుగు ముక్కలు రాయమంటే, మూడు రోజులు జ్వరమని పడుకున్నాడు."

అన్నయ్య వెర్రి నవ్వు నవ్వుతున్నాడు. నన్ను చూసి సైకిళ్ల షెడ్డు దగ్గరికి తీసుకొచ్చాడు.

"అన్నయ్యా, అవన్నీ రాసింది నేను" అన్నాను.

"తెలుసు. పొద్దున్నే బావ వచ్చి చెప్పాడు."

"మీ ఇంటికొచ్చాడా?" అన్నాను.

"ఏడ్చాడు చెల్లీ. మగాడు అలా ఏడవడం నేనెప్పుడూ చూళ్లేదు. నీ పేరు బయటికొస్తే కేసు పెట్టి స్టేషన్ చుట్టూ తిప్పుతారట. నేనైతే ఒక మందలింపుతో పోతుందట. సరే అన్నాను. ఫోన్లో వీడియో తీసుకున్నాడు, 'నేనే పొరుగింటాయన్ని' అని చెప్పమన్నాడు. చెప్పాను. అప్పుడే పత్రిక వెబ్‌సైట్లో పెట్టేశారు."

"ఆయన ఏడిస్తే నువ్వు నమ్మావా?"

"నమ్మకపోతే నిన్ను తీసుకెళ్తారుగా" అన్నాడు. తర్వాత చిన్నపిల్లాడిలా మొహం పెట్టి, "నిజంగా అన్నీ నువ్వే రాశావా? ఆ కొళాయిది నాకు నోటికొచ్చు. స్టాఫ్ రూమ్‌లో అందరికీ పైకి చదివి వినిపించాను" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. అన్నయ్య తన జేబురుమాలు తీసిచ్చాడు, నిండా సుద్దపొడి.

అక్కణ్ణుంచి తిన్నగా పత్రికాఫీసుకి వెళ్లి ఎడిటర్ ముందు కూర్చున్నాను. ఉన్నదంతా చెప్పాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, ఓపిగ్గా విని, ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపాడు.

"పొరుగింటాయన మీరే అయితే నా మీద రెండు ముక్కలు రాయండి చూద్దాం."

చుట్టూ ఒకసారి చూసి రాశాను: 'ఈ గదిలో మూడు ఫోన్లున్నాయి. ఒకటి ఓనరుది, మోగితే ఎడిటర్ గారు లేచి నిలబడతారు. ఒకటి మంత్రిగారిది, మోగకముందే నిలబడతారు. మూడోది పాఠకులది. దాని తీగ ఎక్కడా తగిలించి లేదు.'

ఆయన చదివి ఫక్కున నవ్వాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ చదివాడు. ఈసారి నవ్వలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"అమ్మా, మీరే. నాకు ఏ అనుమానమూ లేదు."

"అయితే ఆ వీడియో తీసెయ్యండి. నిజం వెయ్యండి."

"పొద్దుట్నుంచీ జనం చూస్తున్నారమ్మా. ఇప్పుడు కాదంటే పత్రిక పరువేం కావాలి?" అని, నన్ను గుమ్మం దాకా సాగనంపాడు. వెళ్తూ వెళ్తూ, "మీ చేతిలో గొప్ప విద్య ఉంది. వృథా పోనివ్వకూడదు" అన్నాడు. నాకు ఆ మాట ఓదార్పులా కూడా వినపడింది, అంత తెలివితక్కువదాన్ని.

ఆ వారంలోనే మా ఆయన తన పేరు నిలబెట్టిన వ్యాసం రాశాడు. 'మా ఇంట్లోనే ఉన్నాడు' అని శీర్షిక. సొంత బావమరిది తన ఇంట్లో కూర్చుని, ప్రభుత్వ జీతం తింటూ, ప్రతిపక్షం తరఫున తనను ఎలా వెన్నుపోటు పొడిచాడో, బంధుత్వమా వృత్తిధర్మమా అని తను ఎలా నలిగిపోయాడో రాసుకున్నాడు. అందులో నేనూ ఉన్నాను. 'అన్నగారి నేరాన్ని తన మీద వేసుకోబోయిన నా అర్ధాంగి' అని రాశాడు. చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నామని చాలామంది ఫోన్లు చేశారు.

నేను తిరిగి ఏమైనా చెప్పబోతే, "పాపం, ఆవిడింకా ఆ దిగులు నుంచి కోలుకోలేదు" అనేవాడు నా ఎదురుగానే. అవతలివాళ్లు నా భుజం తట్టి వెళ్లేవారు.

మంత్రి గెలిచాడు. మా ఆయన పొలిటికల్ ఎడిటర్ అయ్యాడు. అన్నయ్యకి మందలింపు అన్నది సస్పెన్షన్ అయి, సస్పెన్షన్ కాస్తా ఉద్యోగంలోంచి తీసేసేదాకా వచ్చింది. అన్నయ్య పైఅధికారికి అప్పీలు చేసుకున్నాడు గనక విచారణ ఒక్కటి మిగిలింది.

ఒక పొద్దున వదిన వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నీకు ఒక్క మాట చెప్పిపోదామని వచ్చాను. సెలవు చీటీ రాయలేని మనిషి అవన్నీ రాశాడంటే లోకం నమ్మొచ్చు, పక్కనున్నదాన్ని నేను నమ్మను. నువ్వు రాశావు, ఆయన మోస్తున్నాడు."

"అవును వదినా" అన్నాను. ఆ వేసవంతటిలో, ఎవరూ చెప్పకుండానే నిజం పోల్చుకున్న మనిషి ఆవిడొక్కతే.

"నీ పేరెత్తితే చచ్చినంత ఒట్టని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. లేకపోతే నడివీధిలో నిలబెట్టేదాన్ని నిన్ను" అని, మెట్లు దిగి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బావుండేదనిపించింది.

తొలి వానలు పడే వేళకి బడి ముందు మాస్టార్లు ఒక టెంటు వేసి కూర్చున్నారు. మావాడి ఉద్యోగం మావాడికి ఇవ్వాలని బోర్డు కట్టారు. డ్రాయింగ్ మాస్టారు ముందు వరసలో కూర్చునేవాడు. సరుకులకి వెళ్తూ ఆ దారిన పోయినప్పుడల్లా నాకు కొంచెం ఊపిరి ఆడేది. విచారణ దగ్గరపడుతోందని, గట్టిగానే వాదిస్తారని అన్నయ్య చెప్పాడు.

అప్పుడొచ్చింది మా ఆయన పెద్ద మనసు. ఒకరోజు అన్నయ్యని వెంటబెట్టుకుని వచ్చి, నా ఎదురుగా కూర్చోబెట్టాడు.

"పత్రికలో పొరుగింటాయన పేరుతో ఒక కాలమ్ పెడుతున్నాం. పైన మీ అన్నయ్య ఫొటో. నెలనెలా జీతం. ఎడిటర్ గారే ఒప్పుకున్నారు. విచారణ ఎప్పటికి తేలుతుందో, ఈలోపు పిల్లలు తినాలా వద్దా?"

"రాసేదెవరు?" అన్నాను.

అన్నయ్య నేలచూపులు చూస్తున్నాడు.

"ప్రయత్నం చేశాను చెల్లీ" అన్నాడు చివరికి. జేబులోంచి ఒక కాగితం తీశాడు. 'వానలు పడుచున్నవి. రోడ్లు పాడగుచున్నవి' అని ఉంది. దాని కింద రెండు కొట్టివేతలు, ఇంకేమీ లేదు.

"నేను రాయను" అన్నాను.

"పెద్దవాడు చెప్పులు లేకుండా బడికి వెళ్తున్నాడమ్మా" అన్నాడు అన్నయ్య. చెల్లీ అనలేదు, అమ్మా అన్నాడు. ఆయన నన్ను ఎప్పుడూ ఏమీ అడిగిన మనిషి కాదు.

మర్నాడు పొద్దున మా ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే వెనకాల నిలబడ్డాను.

"ఎవర్ని తిట్టాలి?"

"నీ ఇష్టం. మంత్రిగారి జోలికి మాత్రం పోకు."

"మిమ్మల్ని తిడతాను."

"తిట్టు."

"వ్యాసం మొత్తం మీ మీదే రాస్తాను."

"రాసుకోవే. ఒక్క అక్షరం ముట్టుకోను. ఎప్పట్లాగే బాగా రాయి, అంతే" అన్నాడు, దవడ పక్కకి తిప్పి నురగ తుడుచుకుంటూ. అద్దంలో ఆయన మొహం ప్రశాంతంగా ఉంది. సిగ్గు చచ్చిపోయిందనుకున్నాను. అంతకు మించి నా బుర్రకి ఏమీ తోచలేదు.

ఆ రోజు మిషన్ మీద గుడ్డ కప్పేసి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రాశాను. వేసవంతా మింగిన విషమంతా కక్కేశాను. 'మూల ఇంటాయనకి ఇల్లు మూలనుండటం బాగా కలిసొచ్చింది. గాలి ఎటు తిరిగితే అటు కిటికీ తీసుకోవచ్చు. ఈమధ్య ఆయనకి నిజాయితీ పట్టుకుంది. అది విచిత్రమైన జబ్బు. పట్టేది ఆయనకి, పోయేది పక్కవాడి ప్రాణం. పొరుగింటాయన్ని పట్టిచ్చానని చెప్పుకుంటున్నారు. అయ్యా, నేనింకా పొరుగునే ఉన్నాను. రోజూ తమరి ఎంగిలి పళ్లెం కడిగేది ఎవరనుకున్నారు?' అలా సాగింది. చివరి వాక్యం పెట్టాక లేచి మంచినీళ్లు తాగాను. ఇంతకంటే బాగా జన్మలో రాయలేదు, రాయలేను కూడా. లోకమంతా ఎంగిలి పళ్లెం దగ్గర ఆగి, ఇది ఎవరి చెయ్యో పోల్చుకుంటుందనుకున్నాను.

మా ఆయన చదివాడు. కామా కూడా మార్చలేదు. అన్నయ్య ఫొటోతో, పేజీ మధ్యలో అచ్చయింది.

రెండో రోజో మూడో రోజో, డ్రాయింగ్ మాస్టారు కుట్టడానికిచ్చిన ప్యాంటు తీసుకెళ్లడానికి వచ్చాడు. వాన వెలిసింది. గొడుగు గుమ్మంలో ఆనించి స్టూలు మీద కూర్చున్నాడు. ప్యాంటు మడతపెట్టి కాగితంలో చుడుతూ, "టెంటు దగ్గర అంతా బావున్నారా మాస్టారూ?" అన్నాను.

"నిన్ననే తీసేశామమ్మా."

"అదేంటి? విచారణ ఉందిగా?"

ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మా వాదనంతా ఒక్కటేనమ్మా. వాడికి రాయడం చేతకాదు. పదిహేనేళ్ల సావాసం, మాకు తెలుసు. ఆ వీడియోలో ఎవరో బెదిరిస్తే అలా చెప్పాడని, కావాలంటే అధికారుల ముందు కూర్చోబెట్టి నాలుగు వాక్యాలు రాయించి చూడమని అడుగుదామనుకున్నాం. ఈ కాలమ్ పడటానికి వారం ముందు మీ ఆయన కూడా టెంటుకొచ్చి, మీ దగ్గర ఆధారం ఏముందని అడిగితే ఇదే చెప్పాం. పాపం శ్రద్ధగా రాసుకున్నాడు."

నేను పొట్లానికి దారం చుడుతున్నాను. ఎంతసేపు చుట్టినా అది అవడం లేదు.

"మొన్న కాలమ్ చదివాం. టెంట్లోనే పైకి చదివారు ఎవరో. కోపంలో ఉన్నవాళ్లం కూడా పడిపడి నవ్వాం. ఆ ఎంగిలి పళ్లెం మాట! సొంత బావని అలా ఏకిపారేశాడంటే, ఇక ఎవరో రాసిచ్చారని ఎలా అంటాం? అదే చెయ్యి, అదే మాట. ఇన్నేళ్లూ మమ్మల్ని కూడా వెర్రివాళ్లని చేశాడన్నమాట. విచారణాధికారి కూడా ఆ కాగితమే బల్లమీద పెట్టుకుని, ఇంకేముంది మాస్టారూ అన్నాడు. ఇంకేముంటుంది?"

"మాస్టారూ, అది రాసింది నేను" అన్నాను.

ఆయన లేచాడు. నోట్లోనే ఏదో అనుకున్నాడు. పొట్లం అందుకుని, తండ్రిలా నా తల మీద చెయ్యి పెట్టాడు.

"అన్న అంటే ఆమాత్రం ప్రేమ ఉండాలిలే అమ్మా" అని, గొడుగు తీసుకుని మెట్లు దిగాడు.